ఆ ఒక్క వాక్యం నేనెందుకు రాయడం లేదంటే

ఈసారి లేఖ రాసినాయనకు 32 ఏళ్లు. ఒక సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం. ఇంట్లో భార్య, ఏడు నెలల కొడుకు. పేరు రాయలేదు, రాయనక్కరలేదు కూడా. లేఖ చాలా పెద్దది. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

బాబు పుట్టిన నెలన్నరకు ఒక రాత్రి వాణ్ణి భుజాన వేసుకుని బాల్కనీలో పచార్లు చేస్తుంటే, ‘ఇప్పుడు చేతులు వదిలేస్తే?’ అన్న ఆలోచన ఉన్నట్టుండి వచ్చింది. ఒళ్లు చల్లబడింది. వెంటనే లోపలికి వచ్చి బాబును భార్య పక్కన పడుకోబెట్టి, తెల్లవార్లూ కూర్చున్నారు. ఆ తర్వాత బాబుతో బాల్కనీ గుమ్మం దాటలేదు. కొద్దిరోజులకు అదే భయం వంటింటి కత్తి మీదికి మళ్లింది, తర్వాత స్నానపు నీళ్ల మీదికి, ఆపైన దిండు మీదికి. కత్తులన్నీ పై అరలో పెట్టేశారు. స్నానం చేయించడం మానేశారు. బాబుతో ఒంటరిగా ఉండాల్సి వస్తే ఏదో ఒక పని కల్పించుకుని బయటికి వెళ్లిపోతున్నారు.

ఆలోచన వచ్చినప్పుడల్లా మనసులో ‘నేను మంచి తండ్రిని’ అని ఏడుసార్లు అనుకోవాలి. మధ్యలో తడబడితే మళ్లీ మొదటి నుంచి. రాత్రి అందరూ పడుకున్నాక, ఆ రోజు బాబుతో గడిపిన ప్రతి నిమిషాన్నీ వరసగా గుర్తు చేసుకుంటారు: ఎక్కడైనా గట్టిగా పట్టుకున్నానా, వాడు ఎందుకు ఏడ్చాడు, ఆ రెండు నిమిషాలూ నేనేం చేశాను? దీనికి గంటన్నర పడుతోంది. బిడ్డలను చంపిన తండ్రుల వార్తలను ఫోనులో వెతికి, తనకూ వాళ్లకూ పోలికలున్నాయేమో చూసుకుంటారు. ‘నేను వాణ్ణి సరిగ్గానే పడుకోబెట్టాను కదా?’ అని భార్యను అడుగుతారు. ఆమె ఔనంటుంది. అరగంట పోయాక అదే ప్రశ్న మాట మార్చి అడుగుతారు. అసలు సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. ‘మీకు వాడంటే ఇష్టం లేదు కదూ’ అని ఆమె మొన్న ఏడ్చిందట.

ఆయన చదువుకునే రోజుల్లో తాళం వేశానా లేదా అని వెనక్కి వెళ్లి చూసుకోవడం, జవాబు పత్రం మీద నంబరు సరిగ్గా వేశానా అని పదేపదే దిద్దుకోవడం ఒక ఏడాది పాటు ఉండి, దానంతట అదే తగ్గిపోయింది. వాళ్ల అమ్మగారు ఒకే గిన్నెను నాలుగుసార్లు కడిగేవారు. ఇంట్లో అందరూ చాదస్తం అనుకునేవాళ్లు. ఆయన ఒక వైద్యుడి దగ్గరికి వెళ్లి నిద్ర పట్టడం లేదని మాత్రమే చెబితే, ‘టెన్షన్ తగ్గించుకోండి’ అని నిద్రమాత్రలు ఇచ్చారు. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక జబ్బు గురించి చదివారు కానీ, ‘నాకు శుభ్రత పట్టింపే లేదు, నా బల్ల చూస్తే మీరే నవ్వుతారు. కాబట్టి ఇది ఓసీడీ కాదు, అంతకంటే ఘోరమైనదేదో’ అన్న నిర్ణయానికి వచ్చేశారు. మధ్యలో ఒకచోట, ‘నేనే లేకపోతే వాడు క్షేమంగా ఉంటాడనిపిస్తుంది’ అని రాసి, ఆ వెంటనే ఆఫీసు సంగతుల్లోకి వెళ్లిపోయారు.

ఆయన ప్రశ్నలు: నేను కుదుటపడే దాకా భార్యనూ బాబునూ వాళ్ల అమ్మగారింటికి పంపించనా? భార్యకు చెప్పాలా? మానసిక వైద్యుడి దగ్గరికి వెళితే నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూస్తారా? చివరగా: ‘నేను నా బిడ్డకు హాని చేసే మనిషిని కానని మీరు ఒక్క వాక్యం రాస్తే చాలు. కత్తిరించి పర్సులో పెట్టుకుంటాను.’

*

ఆ వాక్యం రాయడానికి నాకు అర నిమిషం పట్టదు. అయినా రాయను. మీ మీద అనుమానంతో కాదు. అది మీ చేతికి అందాక ఏం జరుగుతుందో ఆలోచించండి. చదవగానే గుండె తేలికపడుతుంది. ఆ పూట హాయిగా గడుస్తుంది. సాయంత్రానికి ‘ఈయన నన్ను ఎన్నడూ చూడలేదు కదా, ఎలా చెప్పగలిగాడు?’ అనిపిస్తుంది. మర్నాటికి ‘లేఖలో నేనేదో దాచాను, అది తెలిస్తే ఇలా రాసేవాడు కాదు’ అనిపిస్తుంది. మీ భార్య కొన్ని నెలలుగా రోజూ, రోజుకు ఎన్నోసార్లు, ఆ వాక్యాన్నే మీకు చెబుతూ వస్తున్నారు. ఆమె మాట అరగంట కంటే నిలవనప్పుడు నా మాట ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇది అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు చేయడం: ఆ పూటకు గండం గడుస్తుంది, అసలు మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

మీకు కావలసింది భరోసా అని మీరనుకుంటున్నారు. లేఖ రెండుసార్లు చదివాక, మీ బాధను ఇన్నాళ్లు బతికిస్తున్నదే ఆ భరోసా అని నాకనిపించింది. ఇకపై రాసేదంతా ఆ మాటకు వివరణే.

అంతకంటే ముందు, మీరు దాటేసిన వాక్యం దగ్గర నేను ఆగాలి. ‘నేనే లేకపోతే’ అన్నది. అది ఎప్పుడైనా మనసులో మెదిలి పోయే బాధ అయితే, వైద్యుడితో మాట్లాడేటప్పుడు మొదటి సంగతిగా చెప్పండి. ఎలా, ఎప్పుడు అన్నదాకా ఆలోచన వెళుతుంటే మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడవద్దు. ఈరోజే మీ భార్యకో, నమ్మకమైన మరొకరికో చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని అత్యవసర విభాగానికి వెళ్లండి. ఓసీడీతో బాధపడేవారిలో ఇలాంటి ఆలోచనలు అరుదు కాదు. సిగ్గుపడి దాచుకోవడం వల్లనే అవి ముదురుతాయి.

ఇక మీ బల్ల సంగతి. అది చిందరవందరగా ఉన్నంత మాత్రాన ఓసీడీ లేదనడానికి వీల్లేదు. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనగానే అందరికీ సబ్బూ నీళ్లూ గుర్తొస్తాయి, ఎందుకంటే కడగడం కంటికి కనిపిస్తుంది. జబ్బుకు రెండు ముఖాలు. ఒకటి, వద్దనుకున్నా పదేపదే చొరబడి భయాన్నో అసహ్యాన్నో రేపే ఆలోచన లేదా దృశ్యం. రెండు, ఆ బాధ తగ్గడానికి, జరగరానిది జరగకుండా ఉండటానికి మనిషి చేసి తీరాలనుకునే పని. దీన్ని తంతు అందాం. ఆ తంతు చేతులతోనే జరగాలని ఎక్కడా లేదు. లక్షణాలను స్థూలంగా నాలుగు గుంపులుగా చెబుతుంటారు: మురికి, అంటు భయాలూ వాటితో వచ్చే కడగడాలూ; ప్రమాదం జరుగుతుందన్న సందేహాలూ తాళాలు, స్టవ్వులు మళ్లీ మళ్లీ చూసుకోవడాలూ; వస్తువులు సరిసమానంగా, ‘సరిగ్గా’ అనిపించేలా అమర్చుకోవడాలూ; హింస, లైంగికం, దైవదూషణ వంటి నిషిద్ధ విషయాల మీద ఆలోచనలూ, వాటిని తుడిచేయడానికి లోలోపల చేసుకునే లెక్కింపులూ జపాలూ. చాలామందిలో ఒకటికి మించి కలిసి ఉంటాయి, కాలంతో పాటు ఒకదాని నుంచి మరొకదానికి మారుతుంటాయి కూడా.

మీ అమ్మగారి గిన్నెలు మొదటి గుంపు కావచ్చు. మీ తాళం, జవాబు పత్రం రెండో గుంపు. ఇప్పటి మీ బాధ నాలుగోది. అందులో తంతు బయటికి కనపడదు కాబట్టి ఒకప్పుడు దీన్ని వట్టి ఆలోచనల ఓసీడీ అనేవారు. వట్టి ఆలోచనలేమీ కావు. మీ లేఖలోనే చూడండి: ఏడుసార్లు అనుకోవడం, తడబడితే మొదటికి రావడం ఒక తంతు. రాత్రి గంటన్నర పాటు జరిపే విచారణ మరొకటి. ఫోనులో వెతుకులాట, భార్యను అడగడం, కత్తులు పై అరలో పెట్టడం, స్నానం వేళకు మాయమవడం, ఇవన్నీ ఆ కోవలోవే. నాకు ఈ లేఖ రాయడం కూడా కొంతవరకు అదే. (నొచ్చుకోకండి, రాసినందుకు సంతోషమే.)

రోజుకు గంటకు మించి సమయం తింటున్నా, బాగా బాధ పెడుతున్నా, ఇల్లూ ఉద్యోగమూ దెబ్బతింటున్నా దాన్ని జబ్బుగా లెక్కించాలన్నది వైద్యులు వాడే కొలత. మీకు రాత్రి తంతు ఒక్కటే ఆ గంటను మించింది. ఇన్ని చెప్పినా ఇది నిర్ధారణ కాదు. అది మిమ్మల్ని ఎదుట కూర్చోబెట్టుకుని మాట్లాడిన వైద్యుడు చేయాల్సిన పని. మీ లేఖలో ఆ జబ్బు ఆనవాళ్లు ఇంత స్పష్టంగా ఉన్నాయని మాత్రమే నేను చెప్పగలిగేది.

‘ఇంత నీచమైన ఆలోచన మామూలు మనిషికి వస్తుందా?’ అని మీరు మూడుచోట్ల రాశారు. వస్తుంది. 1978లో స్టాన్లీ రాచ్‌మన్, పద్మల్ డిసిల్వా అనే మనస్తత్వవేత్తలు జబ్బు లేనివాళ్లను అడిగి చూస్తే, వాళ్లలో ఎక్కువమందికి రోగులకు వచ్చేలాంటి ఆలోచనలే వస్తున్నాయని తేలింది. 2014లో వెలువడిన మరో అధ్యయనంలో ఆరు ఖండాల్లోని 13 దేశాల విద్యార్థులు 777 మందిని అడిగితే, అంతకుముందు మూడు నెలల్లో ఇష్టం లేకుండా చొరబడిన ఆలోచన కనీసం ఒకటైనా వచ్చిందని సుమారు 94 శాతం మంది చెప్పారు. కొత్తగా తల్లిదండ్రులైనవారిలో బిడ్డకు కీడు జరుగుతుందన్న, తామే చేస్తామన్న ఆలోచనలు మరీ సాధారణం. తల్లుల గురించి కాస్తయినా మాట్లాడుకుంటారు, తండ్రులు నోరు విప్పరు.

మీ పక్క ఇంటాయనకూ బాల్కనీలో అదే ఆలోచన వచ్చి ఉండవచ్చు. ఆయన ‘ఛీ, ఏమిటిది’ అనుకుని లోపలికి వెళ్లి నిద్రపోయాడు. మీరు మాత్రం దాన్ని సాక్ష్యంగా తీసుకున్నారు. ఆలోచన వచ్చిందంటే ఆ కోరిక ఎక్కడో ఉన్నట్టే, కోరిక ఉంటే చేసినంత పాపం, కాబట్టి జరగకుండా చూసే పూచీ మొత్తం నాదే. ఈ మూడు మెట్లూ మీరు ఎంత వేగంగా దిగుతారంటే, దిగుతున్నట్టు మీకే తెలియదు. ఓసీడీ ఉన్నవాళ్లు నిర్లక్ష్యపు మనుషులు కారు. చాలాసార్లు అందుకు పూర్తి విరుద్ధం. బాధ్యత మోతాదుకు మించిపోవడమే ఇక్కడ చిక్కు. ఈ జబ్బు తరచూ మనిషికి అన్నిటికంటే విలువైన చోటునే పట్టుకుంటుంది. విద్యార్థిగా ఉన్నప్పుడు జవాబు పత్రం. ఇప్పుడు బాబు.

ఆలోచనను తరిమేద్దామనుకుంటే అది ఇంకా ఎక్కువగా రావడానికీ కారణముంది. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పి, ఆలోచన వచ్చినప్పుడల్లా గంట మోగించమంది. గంట మోగుతూనే ఉంది. పైగా, తర్వాత ఆలోచించవచ్చని చెప్పినప్పుడు, ముందు వద్దనిపించుకున్నవాళ్లకే అది ఇంకా ఎక్కువగా వచ్చింది. వచ్చిందా లేదా అని కాపలా కాయాలంటే దాన్ని మనసులో నిలుపుకోవాల్సిందే కదా.

రాత్రి విచారణ సంగతి మరీ విచిత్రం. అది మీకు స్పష్టతనిస్తుందని అనుకుంటున్నారు. 2003లో నెదర్లాండ్స్‌లో మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ కంప్యూటర్ తెర మీద ఒక గ్యాస్ స్టవ్వును తయారు చేసి, కొందరి చేత దాన్ని మళ్లీ మళ్లీ సరిచూసేలా చేశారు. చివర్లో ఏ బర్నర్లు చూశారని అడిగితే వాళ్లు సరిగ్గానే చెప్పారు. జ్ఞాపకం చెడలేదు. కానీ అది మసకబారినట్టు అనిపించింది, దాని మీద నమ్మకం పడిపోయింది. సరిచూసే కొద్దీ సందేహం పెరిగిందన్నమాట. మీరు రోజంతా జరిగినదాన్ని పదోసారి తిరగేసే సరికి, నిజంగా జరిగినదేదో, భయంతో ఊహించుకున్నదేదో విడదీయలేని స్థితి వస్తుంది. ‘ఆ రెండు నిమిషాలూ ఏం చేశానో గుర్తు లేదు’ అని రాశారు. మామూలుగా గడిచిన రెండు నిమిషాలు ఎవరికీ గుర్తుండవు. మీరు వాటిని కోర్టుకు ఎక్కించారు కాబట్టి గుర్తు లేకపోవడం నేరంలా కనిపిస్తోంది.

వైద్యుడు మీతో మాట్లాడేటప్పుడు కొన్ని సంగతులను వేరు చేసి చూస్తారు. బిడ్డకు కీడు చేయమని గొంతులు వినిపించడం, అలా చేయడమే న్యాయమని అనిపించడం, బిడ్డలో ఏదో చెడు శక్తి ఉందని నమ్మకం కలగడం, రోజుల తరబడి నిద్ర లేకపోయినా హుషారుగా ఉండటం, అయోమయం, కోపంలోనో మత్తులోనో ఇప్పటికే బిడ్డ మీద చేయి చేసుకుని ఉండటం. వీటిలో ఏదున్నా అది వేరే దారి, అదే రోజు వైద్యం అందాల్సిన పరిస్థితి. ఈ పేరా మీకోసం మాత్రమే కాదు, ఇది చదివే ఇతరులకోసం కూడా. మీరు దీన్ని ఒక్కసారి చదవండి చాలు. ప్రతి రాత్రీ ఈ జాబితా ముందేసుకుని మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడం మొదలుపెడితే నేను మీకు కొత్త తంతు ఒకటి అంటగట్టినట్టవుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

భార్యనూ బాబునూ పంపించేయడం. మొదటి రెండు రోజులు ఊపిరి పీల్చుకుంటారు, అందులో సందేహం లేదు. కానీ మీ మనసు ఆ ఊరటను చూసి పాఠం నేర్చుకుంటుంది: ‘దూరంగా పంపించాం కాబట్టే ఏమీ కాలేదు.’ తిరిగి పిలవడానికి ఒక తేదీ పెట్టుకుంటారు, అది దగ్గరపడుతుంటే భయం రెట్టింపవుతుంది, తేదీ వెనక్కి జరుగుతుంది. కారణం తెలియని భార్యకు, ఇష్టం లేకనే పంపించారన్న అనుమానం స్థిరపడుతుంది. కత్తులు పై అరకు చేరినప్పుడు ఇదే జరిగింది, చిన్న స్థాయిలో. నిద్రలేమి మరీ ఎక్కువగా ఉంటే వాళ్లమ్మగారు మీ ఇంటికి వచ్చి ఉండేలా అడగండి. ఇంటికి సాయం కోసం, మీకు కాపలా కోసం కాదు. ఈ తేడాను మీరే పట్టి ఉంచుకోవాలి.

ఎవరికీ చెప్పకుండా ఓపిక పట్టడం. తాళాల గొడవ దానంతటదే పోయింది కదా, ఇదీ పోతుందని ఒక ఆశ మీ లేఖలో కనిపిస్తోంది. పోవచ్చు. ఓసీడీ కొందరిలో ఎగుడుదిగుడుగా నడుస్తుంది. అయితే చికిత్స లేకుండా పూర్తిగా పోవడం తక్కువ, రూపం మార్చుకోవడం ఎక్కువ. మీ విషయంలో ఇప్పటికే ఒకసారి మార్చుకుంది. ఎదురుచూసే ఆ ఏడాదో రెండేళ్లో మీ బాబు పాకే, నడిచే రోజులు కూడా. వాటిని దూరం నుంచి చూడాల్సి వస్తుంది.

భార్యకు చెప్పడం. దీనికే మీరు ఎక్కువగా భయపడుతున్నారు. ఆ భయం అర్థం లేనిదనను. ఏ ముందుమాటా లేకుండా ‘బాబును పడేస్తానేమోనని ఆలోచన వస్తోంది’ అంటే ఏ తల్లైనా మొదట ఉలిక్కిపడుతుంది, ఆ రాత్రి బాబును తన పక్కకు లాక్కుంటుంది. మీరు దాన్ని తీర్పుగా తీసుకుంటారు. కాబట్టి చెప్పే వరస ముఖ్యం. జబ్బు సంగతి ముందు, ఆలోచన సంగతి తర్వాత. ‘నాకు ఓసీడీ ఉందేమోనని అనుమానం. మనం ఎక్కువగా ప్రేమించేవాళ్లకు మనవల్లే కీడు జరుగుతుందన్న భయం పట్టి పీడించడం అందులో ఒక రకం. వాడికి దూరంగా ఉంటున్నది ఆ భయంతోనే, ఇష్టం లేక కాదు.’ ఇంత చెబితే చాలు మొదటి రోజుకు. అదీ నోట రాకపోతే, వైద్యుణ్ణి ఒకసారి కలిసి వచ్చి, రెండోసారి ఆమెను వెంట తీసుకెళ్లి ఆ గదిలోనే చెప్పవచ్చు. వైద్యుడి నోట జబ్బు పేరు విన్నాక ఆమెకు భయం సగమవుతుంది. ఒక్క నెల ఆలస్యమైనా సరే, నేనైతే ఈ రెండో పద్ధతి వైపే మొగ్గుతాను. ఆ నెలలో కనీసం ‘నా ఆరోగ్యం బాగోలేదు, వైద్యుణ్ణి కలుస్తున్నాను, నీమీదా వాడిమీదా ప్రేమ తగ్గలేదు’ అన్న మాట ఆమెకు దక్కాలి. ఆమె అడిగిన ప్రశ్న చాలా రోజులుగా జవాబు లేకుండా ఉండిపోయింది.

చెప్పాక ఒక గొయ్యి ఉంది, చాలామంది అందులో పడతారు. వచ్చిన ప్రతి కొత్త ఆలోచననూ వెళ్లి ఆమెకు ఒప్పుకోవడం. ఒప్పుకున్నప్పుడల్లా మనసు తేలికవుతుంది. అంటే అదీ తంతే. ఒకసారి మొత్తంగా చెప్పండి, చిల్లరగా రోజూ చెప్పకండి.

ఆమె పాత్ర కూడా మారాలి. మీ ప్రశ్నలకు ప్రేమతోనే జవాబిస్తున్నారు, అదే జబ్బుకు మేతవుతోంది. అయితే ఇది ఆమె ఒకరోజు హఠాత్తుగా మౌనం వహించి చేసే పని కాదు. అలా చేస్తే మీకు శిక్షలా ఉంటుంది, ఆమెకు నేరం చేసినట్టుంటుంది. ఇద్దరూ కూర్చుని ముందే ఒప్పుకోవాలి, వీలైతే చికిత్స చేసేవారి ఎదుట. మీరు అడిగినప్పుడు ఆమె, ‘ఇది జబ్బు అడిగిస్తున్న ప్రశ్న. జవాబు చెప్పను, మీ పక్కన కూర్చుంటాను’ అనవచ్చు. కోపంగా కాదు, నవ్వుతూ అన్నా తప్పు లేదు. మొదటి వారం మీకు ఊపిరాడదు. ప్రశ్న గొంతు దాకా వచ్చి ఆగిన ఆ ఇరవై నిమిషాలూ భరించడమే నిజానికి చికిత్సలో పెద్ద భాగం.

ఆ చికిత్స పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, క్లుప్తంగా ఈఆర్‌పీ. 1966లో విక్టర్ మేయర్ ఇంగ్లండ్‌లో ఇద్దరు రోగుల మీద ఈ పద్ధతిని వాడి ఫలితం చూపించే దాకా ఈ జబ్బును చికిత్సకు లొంగనిదిగానే చూసేవారు. సూత్రం చిన్నదే: భయపెట్టేదాన్ని మెట్లవారీగా ఎదుర్కోవడం, తంతు చేయకుండా ఉండటం. వారానికొక సెషన్ చొప్పున సాధారణంగా పన్నెండు నుంచి ఇరవై దాకా ఉంటాయి, రోజూ ఇంట్లో చేసే సాధన వేరే. మీ విషయంలో అది ఎలా ఉండవచ్చో ఊహించి చెబుతాను, వరస మాత్రం మీరూ చికిత్సకులూ కలిసి వేసుకోవాలి. ఆ ఆలోచనను దాచకుండా కాగితం మీద రాసి చదవడం. బాబును ఒడిలో పెట్టుకుని, బాల్కనీ తలుపు తెరిచి, గదిలోనే కూర్చోవడం. బాబు కుర్చీలో ఆడుకుంటుంటే పక్కన కత్తితో కూరగాయలు తరగడం. స్నానం చేయించడం. బాబును ఎత్తుకుని బాల్కనీలో నిలబడటం. గమనించారా, ఇందులో ప్రమాదకరమైన పని ఒక్కటీ లేదు. లోకంలోని తండ్రులందరూ రోజూ చేసే పనులే. అవి చేస్తూ ‘నేను మంచి తండ్రిని’ అనుకోకుండా ఉండటం, రాత్రి విచారణ పెట్టకుండా పడుకోవడం, అదే కష్టం. ఆలోచన వచ్చినప్పుడు ‘కావచ్చు, కాకపోవచ్చు, తేల్చుకోను’ అని చేస్తున్న పని కొనసాగించడం నేర్పిస్తారు.

ఈఆర్‌పీ ఉద్దేశం మీరు ప్రమాదకరం కాదని రుజువు చేయడం కాదు. రుజువు లేకుండా బతకగలరని మీకు తెలియజేయడం. బస్సు ఎక్కేటప్పుడు, వీధి దాటేటప్పుడు నూటికి నూరు శాతం హామీ ఎవరూ అడగరు. మీరూ అడగరు. ఈ ఒక్క విషయంలోనే అడుగుతున్నారు.

పూర్తిగా చేసినవారిలో సగానికి పైగా మందికి చెప్పుకోదగ్గ మేలు జరుగుతుంది. మొదట్లో భయం పెరుగుతుంది కాబట్టి కొందరు మధ్యలో మానేస్తారు, ఇదీ తెలిసే మొదలుపెట్టండి. ఎవరి దగ్గరికి వెళ్లినా, అపాయింట్‌మెంటు అడిగేటప్పుడే ‘ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా’ అని అడగండి. ఆలోచన రాగానే ‘ఆపు’ అని అరవమనే, చేతికి రబ్బరు బ్యాండు కట్టుకుని లాగమనే సలహాలు వినిపిస్తే మరొకరిని వెతుక్కోండి. మీ లోపల కొడుకు మీద దాగిన ద్వేషం ఉందేమో తవ్వి చూద్దామనే వాళ్ల దగ్గర కూడా నెలలు గడపకండి. ఆ తవ్వకం మీరు రోజూ రాత్రి ఉచితంగా చేస్తూనే ఉన్నారు.

మందులు రెండో దారి, లేదా ఈఆర్‌పీతో పాటు నడిచే దారి. సెరోటొనిన్ మీద పనిచేసే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవాక్సమిన్ వంటివి ముందు ఇస్తారు. క్లోమిప్రమిన్ వీటికంటే పాతది, బాగా పనిచేస్తుంది కానీ దుష్ప్రభావాలు ఎక్కువ. తెలుసుకోవాల్సినవి కొన్ని: దిగులు జబ్బుకు ఇచ్చే మోతాదు కంటే ఓసీడీకి తరచూ ఎక్కువ అవసరమవుతుంది, ఫలితం తేలడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, మొదటి రెండు వారాల్లో వికారం, కంగారు ఉండవచ్చు, కొందరికి లైంగిక ఆసక్తి తగ్గుతుంది. మూడో వారంలోనే ‘పనిచేయడం లేదు’ అని మానేయకండి. ఇవి వ్యసనంగా మారేవి కావు, అయినా హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చికాకు వస్తాయి. అందుకే తగ్గించడం వైద్యుడి చేతుల మీదుగానే జరగాలి. మేలు కనిపించాక కూడా సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్లు కొనసాగిస్తారు. మందులు ఆలోచనలను తుడిచేయవు, వాటి పట్టు సడలిస్తాయి. ఈఆర్‌పీ చేయడానికి కావలసినంత స్థిమితం ఇస్తాయి. లక్షణాలు మరీ ఎక్కువగా ఉన్నవాళ్లకు రెండూ కలిపి వాడతారు. మీకు లోగడ ఇచ్చిన నిద్రమాత్రలు ఓసీడీకి చికిత్స కావు, వాటిని సొంతంగా కొనసాగించకండి.

వైద్యుడు మిమ్మల్ని హంతకుణ్ణి చూసినట్టు చూస్తారన్న భయానికి: ఓసీడీ చూసే వైద్యులకు మీ లేఖలోని వాక్యాలు కొత్త కాదు. మీరు తప్ప ఎవరికీ రాదనుకుంటున్న ఆలోచనను వాళ్లు ఎంతోమంది నోట విని ఉంటారు. క్రితంసారి జరిగింది ఏమిటంటే, మీరు నిద్ర గురించి చెప్పారు, ఆయన నిద్రకు మందిచ్చారు. ఈసారి మీ లేఖ మొదటి రెండు పేజీలూ తీసుకెళ్లి చేతికివ్వండి. నోటితో చెప్పలేనివి కాగితం చెబుతుంది. యేల్-బ్రౌన్ అనే కొలబద్దతో తీవ్రతను లెక్కిస్తారు, పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. ఆ అంకెను దాచుకోండి. మూడు నెలల తర్వాత మెరుగుదలను మీ అనుమానంతో కాకుండా దానితో పోల్చుకోవచ్చు.

అమ్మగారి నుంచి మీకు, మీ నుంచి బాబుకు వస్తుందా అని కూడా అడిగారు. దగ్గరి బంధువుల్లో ఉంటే వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. అయినా ఈ జబ్బు ఉన్నవాళ్ల పిల్లల్లో ఎక్కువమందికి అది రాదు. వచ్చినా, చాదస్తమని పక్కన పెట్టకుండా చిన్నప్పుడే గుర్తుపట్టే తండ్రి ఉంటాడు. అంతకుమించి ఈ విషయంలో ఇప్పుడు చేయాల్సింది లేదు.

చికిత్స అందే లోపు మీరొక్కరే పెద్ద మెట్లు ఎక్కే ప్రయత్నం చేయకండి. ఒకటి రెండు చాలు: ఫోనులో ఆ వార్తల వెతుకులాట ఆపడం, రాత్రి విచారణను పది నిమిషాలు వాయిదా వేయడం, ఆ పదిని తర్వాత ఇరవై చేయడం. ఒకరోజు కుదరకపోతే కుదరలేదు.

బాగుపడ్డాక కూడా నిద్ర లేని రోజుల్లో, కొత్త బాధ్యత మీద పడినప్పుడు, మళ్లీ తండ్రి కాబోతున్నప్పుడు ఇది తిరిగి తొంగిచూడవచ్చు, బహుశా మీకు గుర్తుపట్టరాని కొత్త వేషంలో. అప్పుడు ‘ఇది అదేనా, లేక ఈసారి నిజమా’ అని తేల్చుకోవడానికి రాత్రులు వెచ్చించకుండా, చికిత్స చేసినవారి దగ్గరికే రెండు మూడు సెషన్లకు వెళ్లిరండి. కొందరికి అంతకంటే ఎక్కువ అవసరం పడకపోవచ్చు.